లీటరుకి పది

మా ఆయన రిటైరైన మూడో నెలలో ఒక రోజు పోలీసు కారులో ఇంటికొచ్చారు. ఎవరైనా పట్టుకొచ్చారేమోనని ఒక్క క్షణం గుండె ఆగినంత పనైంది. పట్టుకురాలేదు. ఆయనే కొనుక్కొచ్చారు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు పోలీసు శాఖలో డ్రైవరుగా చేసిన మనిషి. ఆఖరి తొమ్మిదేళ్ళూ నడిపింది ఈ కారునే. ఈయన వెనకాలే కారు కూడా రిటైరైంది. పెరేడు మైదానంలో పాత బళ్ళన్నీ వరసగా నిలబెట్టి వేలం వేస్తున్నారంటే, ఊరికే చూసొస్తానని వెళ్ళారు. చూసొస్తానని వెళ్ళి కొనుక్కురావడం మా ఇంట్లో అప్పటిదాకా నా అలవాటు. అందుకని నోరు చేసుకునే హక్కు పెద్దగా లేదు నాకు. అయినా చేసుకున్నాను.

"కోరి కొరివితో తల గోక్కున్నారు," అన్నాను గేటు దగ్గరే.

"ఒక్కసారి కూర్చుని చూసి మాట్లాడు," అన్నారు.

వెనక సీట్లో కూర్చున్నాను. సీటు బాగానే ఉంది. దిగబోతే తలుపు రాలేదు. పిడి ఉంది గానీ అది ఉత్తుత్తి పిడి. పట్టుకున్న వాళ్ళు దూకి పారిపోకుండా వెనక తలుపులు లోపలి నుంచి తెరుచుకోకుండా చేస్తారట. ఈయన బయట నిలబడి పొరుగాయనకి టైర్ల గురించి చెప్తున్నారు. నేను అద్దం మీద కొడుతున్నాను.

"ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఈ ముచ్చట ఒక్కటే తక్కువైంది," అన్నాను తలుపు తీశాక. పొరుగాయన నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయాడు.

కారు తెల్లది. తలుపుల మీది అక్షరాలు పీకేశారు గానీ, అవి ఉన్న చోట రంగు వెలవలేదు, చుట్టూ వెలిసింది. పక్క నుంచి చూస్తే 'పోలీస్' అని ఇప్పటికీ చదవచ్చు. టాపు మీద దీపం ఊడదీసిన చోట నాలుగు చిల్లులు పూడ్చిన మచ్చలున్నాయి. డ్రైవరు సీటు అంచు బెల్టు రాసుకుని రాసుకుని చిరిగిపోయింది. ఆ చిరుగు ఈయన నడుముదే. దాన్ని వేలితో తడిమి నాకు చూపించారు, ఏదో పతకం చూపించినట్టు.

పరుగు సంగతి మాత్రం ఒప్పుకోవాలి. ఏనుగు పడుకున్నా గుర్రమంత ఎత్తంటారు కదా. పెద్ద ఇంజిను, గట్టి బ్రేకులు, మలుపులో కూడా ఒళ్ళు అటూ ఇటూ ఊగని బండి. ఊరి చివర పెద్ద ఎత్తు మీద కొత్త కొత్త కార్లు మూలుగుతూ ఎక్కుతుంటే, ఇది వాటి పక్క నుంచి చప్పుడు లేకుండా వెళ్ళిపోయేది. పైగా రోడ్డు మీద మర్యాద ఒకటి. మమ్మల్ని అద్దంలో చూసిన ప్రతివాడూ వేగం తగ్గించేవాడు. ఫోనులో మాట్లాడేవాడు ఫోను ఒళ్ళో దాచుకునేవాడు. హ్యాండిలుకి తగిలించుకున్న హెల్మెట్లు నెత్తి మీదికి వచ్చేవి. నాకు మొదటి రెండు రోజులూ చాలా బాగుంది, అబద్ధం ఎందుకు.

ఇక నా సంగతి. నేను ఆరోగ్య కేంద్రంలో నర్సుని. బాలింతల ఇళ్ళకి వెళ్ళి తల్లినీ బిడ్డనీ చూసి రావడం నా పని. పిల్లని తూచడం, బొడ్డు చూడడం, పాలు పడుతున్నాయో లేదో అడగడం, తల్లి కళ్ళలోకి చూసి నిద్రపోతోందో ఏడుస్తోందో కనిపెట్టడం. రోజుకి ఎనిమిది తొమ్మిది ఇళ్ళు. మా కేంద్రం జీపు ఏడాది క్రితమే ప్రాణం వదిలింది. అప్పటి నుంచీ తూనిక సంచి భుజాన వేసుకుని బస్సులు మారుతున్నాను. యాభై ఆరేళ్ళ మోకాళ్ళు నావి.

ఈ కారు పెట్టుకోమని అడిగితే మా డాక్టరమ్మ చూసి సరేనంది. కారుని, డ్రైవరుని కలిపి కేంద్రమే పెట్టుకుంటుంది, ఇంధనం కేంద్రమే పోస్తుంది. ఒకటే షరతు. పరీక్ష పెడితే లీటరుకి కనీసం పది కిలోమీటర్లు రావాలి. మూడు వారాలు నా వెంట తిప్పి చూసుకోమంది, ఆ తరవాత స్టోరు గుమాస్తా కూర్చుని పరీక్ష చేస్తాడు.

నాకు కారు మీద అంత మోజు లేదు. నా బెంగ మా ఆయన గురించి. రిటైరైన దగ్గర నుంచీ పొద్దున్నే అయిదింటికి లేచి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గేటుకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవారు. పిలుపు వస్తే వెళ్ళడానికి తయారుగా ఉన్నట్టు. ఎవరు పిలుస్తారు? ఒక మధ్యాహ్నం నేను ఇంటికొచ్చేసరికి వంటింట్లో నేల మీద కూర్చుని చెంచాలన్నీ ముందేసుకుని ఒక్కొక్కటే గుడ్డతో తుడుస్తున్నారు. తుడిచినవే మళ్ళీ తుడుస్తున్నారు. నన్ను చూసి, "వచ్చావా," అన్నారు, అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనిషి కళ్ళ ముందే చిన్నవాడైపోతున్నాడని భయం వేసింది.

కారు కొన్నాక ఆ కుర్చీ ఖాళీ. కానీ ఆయనే అన్నారు, "పది రాకపోతే నేను మాత్రం దీన్ని ఏం చేసుకుంటాను, పాత ఇనుము వాడికిచ్చేస్తాను," అని. కారు వెళ్తే మళ్ళీ ఆ కుర్చీయే, మళ్ళీ ఆ చెంచాలే. అందుకని ఆ పది అనే అంకె కోసం నేను ఆయనకంటే ఎక్కువ ఎదురుచూశాను.

మొదటి వారం టాంకు నిండా పోయించి, తిరిగి, మళ్ళీ నిండా పోయించి లెక్క చూస్తే లీటరుకి ఆరు వచ్చింది.

"మింగ మెతుకు లేదు గానీ మీసాలకి సంపెంగ నూనెట," అన్నాను.

మా తమ్ముడు మెకానిక్కు. వాడిని పిలిపించాం. వాడు బానెట్ ఎత్తి, చెవి పెట్టి విని, "ఇంజిను బంగారంలా ఉంది బావా," అన్నాడు. అయినా ఫిల్టర్లు మార్చాడు, ప్లగ్గులు మార్చాడు, టైర్లలో గాలి సరిచేశాడు. ఒక్కడే తీసుకెళ్ళి ఊరంతా చుట్టబెట్టి వచ్చి లెక్క వేస్తే పదకొండు వచ్చింది. మా ఆయన వాడిని కావిలించుకున్నారు.

మర్నాడు నా వెంట తిప్పితే మళ్ళీ ఆరు.

మా తమ్ముడు మళ్ళీ నడిపాడు. పదకొండు. నాతో మళ్ళీ ఆరు. ముగ్గురం కారు చుట్టూ నిలబడి ఆలోచించాం. కాసేపటికి మా ఆయన చూపు మెల్లగా నా మీదికి వచ్చింది. మా తమ్ముడు చూపు కూడా వచ్చింది.

"తేడా ఒకటే బావా," అన్నాడు వాడు. "అక్క."

"బరువా?" అన్నారు ఈయన, వాడితోనే, నేను అక్కడ లేనట్టు.

"ఇదిగో," అన్నాను. "నా బరువుకి అయిదు కిలోమీటర్లు తగ్గితే, మీరిద్దరూ ఎక్కితే ఆ కారు వెనక్కి నడవాలి."

నేనలా అన్నానని ఊరుకున్నారా? లేదు. వెనక డిక్కీలోంచి పాత సామాను దించేశారు. సీట్ల మధ్య అడ్డంగా ఉన్న ఇనప జాలీ ఒకటి పీకేశారు. నా తూనిక సంచిని చేత్తో ఎత్తి చూసి, "ఇవన్నీ రోజూ అవసరమా," అని అడిగారు. నేను చూసిన చూపుకి మళ్ళీ అక్కడే పెట్టేశారు. ఇంకో వారం గడిచింది. ఆరు దాటి ఏడుకి వెళ్ళలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఒక రోజు రోడ్డు బాలేదన్నారు, ఇంకో రోజు పెట్రోలు మంచిది కాదన్నారు. చివరికి ఏమీ అనకుండా ఊరుకున్నారు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

పరీక్షకి రెండు రోజులుందనగా సంగతి బయటపడింది.

ఆ రోజు ఒక ఇంటికి వెళ్తే తల్లీబిడ్డా ఇద్దరూ గాఢనిద్రలో ఉన్నారు. నిద్రపోతున్న బాలింతని లేపిన నర్సుకి పుణ్యం రాదు. వాళ్ళమ్మతో సాయంత్రం వస్తానని చెప్పి రెండు నిమిషాల్లో మెట్లు దిగిపోయాను. వీధి చివర కారు. ముఖం రోడ్డు వైపుకి పెట్టి ఉంది. మా ఆయన బయట నిలబడి, ఒక చెయ్యి టాపు మీద వేసి, వీధి ఈ చివర నుంచి ఆ చివరకి చూస్తున్నారు. ఇంజిను నడుస్తోంది.

ఇంజిను నడుస్తూ ఉండడం నాకు కొత్త కాదు. ప్రతి ఇంటి నుంచి వచ్చేసరికీ నడుస్తూనే ఉండేది. నేను బయటికి రావడం చూసి స్టార్ట్ చేస్తున్నారనుకునేదాన్ని. ఈ వయసులో ఈయనకి నా మీద ఎంత శ్రద్ధో అని లోపల్లోపల మురిసిపోయేదాన్ని కూడా. కానీ ఆ రోజు ఆయన నన్నింకా చూడలేదు.

"ఇంజిను ఎందుకు నడుస్తోంది?" అని అడిగాను దగ్గరికెళ్ళి.

"నడవాలిగా," అన్నారు.

"ఎందుకు నడవాలి?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూశారు. "బండి బయట పెట్టాక ఇంజిను ఆపకూడదు. ఆపితే ఎలా? లోపల్నించి ఎవరైనా పారిపోతే?"

"ఎవరు పారిపోతారండీ? నాలుగు రోజుల పసిగుడ్డా?"

నేను తలుపు పట్టుకుని అడిగాను. "నేను లోపల ఉన్నంతసేపూ నడుస్తూనే ఉంటుందా? అరగంట ఉన్నా?"

"ఆపడం ఎప్పుడూ..." అని ఆగిపోయారు.

ఎప్పుడూ ఆపలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆపలేదు. పోలీసు బండిలో రేడియో, దీపాలు, ఇంకా ఏవేవో ఉంటాయట. ఇంజిను ఆపితే అవన్నీ కలిసి బ్యాటరీని మింగేస్తాయట. అవసరమైనప్పుడు బండి కదలకపోతే డ్రైవరు మీదికి వస్తుందట. అందుకని చేరిన మొదటి రోజే నేర్పుతారు, ముఖం బయటికి, ఇంజిను నడుస్తూ, చెయ్యి టాపు మీద. ఇప్పుడా రేడియో లేదు, దీపాలు లేవు, పారిపోయేవాడు లేడు. ఈయన మాత్రం రోజుకి తొమ్మిది ఇళ్ళ ముందు, ఇంటికి అరగంట చొప్పున, నిలబెట్టిన కారుకి ఇంధనం తాగిస్తున్నారు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మా పని. మా తమ్ముడు ఎక్కడా ఆగకుండా నడిపి వచ్చేవాడు కాబట్టి వాడికి పదకొండు.

నాకు నవ్వాగలేదు. వీధిలో నిలబడి, కారు మీద చెయ్యి వేసుకుని, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాను. ఆయన ముందు ముడుచుకుపోయారు. తరవాత బానెట్ మీద మెల్లగా తట్టారు.

"అయితే నీ తప్పేం లేదన్నమాట," అన్నారు. నాతో కాదు, కారుతో.

"నా బరువు తప్పు కూడా లేదు," అన్నాను.

"లేదు," అన్నారు. "మీ తమ్ముడికి కూడా చెప్తాను."

తెలిసిపోయింది కదా, ఇక గట్టెక్కినట్టే అనుకున్నాం. కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా?

పరీక్ష రోజు స్టోరు గుమాస్తా ఫారం బిగించిన అట్టతో సహా వచ్చాడు. కేంద్రంలో అతన్ని అందరం మిల్లీలీటరు అంటాం, వెనకాల. సబ్బు నీళ్ళు కూడా కొలిచి ఇచ్చే మనిషి. పంపు దగ్గర టాంకు మూతి దాకా పోయించి, కారుని రెండు చేతులతో ఊపి, బుడగలు పోయాక ఇంకాస్త పోయించాడు. మీటరు రాసుకున్నాడు. "నేను వెనక కూర్చుంటాను, మీ పని మీరు చేసుకోండి," అన్నాడు.

మొదటి ఇల్లు. మా ఆయన ఇంజిను ఆపారు. ఆపినట్టు నాకు అద్దంలోంచి చూపించారు. నేను లోపలికెళ్ళి ఇరవై నిమిషాల్లో వచ్చేసరికి ఇంజిను నడుస్తోంది.

"బ్యాటరీ ఎలా ఉందో చూద్దామని," అన్నారు, నా ముఖం చూడకుండా.

"పది నిమిషాలు చూశారు," అన్నాడు వెనక నుంచి మిల్లీలీటరు, రాసుకుంటూ.

రెండో ఇల్లు. తాళం నా సంచిలో వేసుకుని వెళ్ళాలనుకున్నాను గానీ అతని ముందు మా ఆయన పరువు తియ్యబుద్ధి కాలేదు. తిరిగొచ్చేసరికి మళ్ళీ నడుస్తోంది. ఆయన చెయ్యి టాపు మీద ఉంది, నుదుటి మీద చెమట ఉంది. ఆపిన బండి పక్కన నిలబడడం ఆ మనిషికి చేతకావడం లేదు. "వీధిలో ఎవరో పరిగెత్తారు," అన్నారు చిన్నగా. పరిగెత్తింది బస్సు కోసం. ఇలాగే తొమ్మిది ఇళ్ళూ జరిగితే పది కాదు కదా ఎనిమిది కూడా రాదు. ఆయనకీ తెలుసు. ఆ ముఖంలో వంటింటి నేల మీది ముఖం కనిపించింది నాకు.

మూడో ఇంటి ముందు దిగి, "మీరు కూడా రండి," అన్నాను.

"ఎక్కడికి?"

"లోపలికి. సంచి మొయ్యాలి."

"బండి?"

"బండి ఎక్కడికీ పోదు. గుమాస్తా గారున్నారు కదా."

ఆయన కదల్లేదు. నాకు అప్పుడు తట్టింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఈయన వెళ్ళని వీధి లేదు ఈ ఊళ్ళో, ఆగని గేటు లేదు. ఒక్క ఇంట్లోకీ వెళ్ళలేదు. లోపలికి వెళ్ళేది పై వాళ్ళు, బయట ఉండేది ఈయన. నేను సంచి ఆయన భుజానికి తగిలించి, చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాను.

రెండు గదుల ఇల్లు. బాలింత ఒక్కతే ఉంది. అత్తగారు పనికి వెళ్ళింది, భర్తా పనికి వెళ్ళాడు. పాపకి ఆరు రోజులు. పాప ఏడుస్తోంది, తల్లి కూడా ఇంచుమించు ఏడుపు ముఖంతోనే ఉంది. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదట, జడ కూడా వేసుకోలేదట. మా ఆయన కిటికీ దగ్గర నిలబడి కింద కారుని చూస్తున్నారు.

"చేతులు కడుక్కోండి," అన్నాను.

"నేనా?"

"ఇక్కడ ఇంకెవరున్నారు?"

మోచేతుల దాకా కడుక్కుని, తనిఖీకి చూపించినట్టు చూపించారు. కుర్చీలో కూర్చోబెట్టి పాపని చేతుల్లో పెట్టాను. రెండు చేతులూ ముందుకి చాపి, ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. "అది స్టీరింగు కాదండీ, దగ్గరికి తీసుకోండి," అంటే తీసుకున్నారు. నేను ఆ పిల్ల తల్లికి అన్నం పెట్టి, తల దువ్వి, ఆమె చెప్పుకున్న నాలుగు మాటలూ విన్నాను. కొంతసేపటికి ఏడుపు ఆగినట్టు తెలిసింది. తిరిగి చూస్తే పాప ఈయన చొక్కా గుండీ పట్టుకుని నిద్రపోతోంది. ఈయన కిటికీ వంక చూడడం లేదు.

మా అమ్మాయి పుట్టినప్పుడు ఈయన ఏదో బ్యాంకు ముందు బండితో ఉన్నారు. రెండు రాత్రులు అక్కడే. మూడో రోజు వచ్చేసరికి మా వాళ్ళు పిల్లకి స్నానం చేయించి, బట్టలో చుట్టి, నిద్రపుచ్చేశారు. తొంగి చూసి, బయట బండి ఉందని వెళ్ళిపోయారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ మాట ఎత్తి పొడుస్తూనే ఉన్నాను, ఈయన "డ్యూటీ" అని ఊరుకుంటూనే ఉన్నారు. ఆ రోజు మాత్రం ఆ కుర్చీలో కూర్చున్న మనిషిని చూశాక ఇంకెప్పుడూ పొడవకూడదనుకున్నాను.

"లేవండి, వెళ్దాం," అన్నాను మెల్లగా.

"ఇప్పుడే పడుకుంది," అన్నారు.

నాలుగో ఇంటి నుంచీ సంచి తనే తీసుకుని నా కంటే ముందు మెట్లెక్కడం మొదలుపెట్టారు. తూనిక పళ్ళెం మీద గుడ్డ పరిచేది ఆయనే. అంకె పైకి చదివేది ఆయనే, వైర్‌లెస్సులో చెప్పినట్టు గట్టిగా. "మూడు, నూట యాభై." ఒక ఇంట్లో తాతగారితో మాటలు కలిసి టీ కూడా తాగారు. బండి మాటే ఎత్తలేదు.

బండితో పాటు బండిలో మనిషిని కూడా మరిచిపోయాం. ఏడో ఇంటి నుంచి దిగి వచ్చేసరికి మిల్లీలీటరు వెనక అద్దానికి ముఖం ఆనించి ఉన్నాడు. తలుపు లోపలి నుంచి రాదని మేమతనికి చెప్పనేలేదు. కాలు పట్టేసి దిగి నిలబడదామనుకున్నాడట. ముందు సీట్లోకి దాటుదామంటే ఒళ్ళు సహకరించలేదట. నాలుగు వేళ్ళ కంటే కిందికి దిగని అద్దంలోంచి, "బాబూ, తలుపు తియ్యండి," అని వచ్చేపోయేవాళ్ళని బతిమాలుతుంటే, వాళ్ళు తలుపు మీది వెలవని అక్షరాలూ, లోపలి మనిషినీ చూసి అడుగు వేగం పెంచి వెళ్ళిపోతున్నారట. ఒకాయన మాత్రం ఆగి, "చేసినప్పుడు తెలియలేదా," అని అడిగాడట.

మా ఆయన తలుపు తీసి, "క్షమించండి సార్," అన్నారు. సార్ దిగి కాలు విదిలించుకున్నాడు. అట్ట మీద ఏదో రాసుకున్నాడు. మా పని అయిపోయిందనుకున్నాను.

మిగిలిన రెండు ఇళ్ళూ చూసుకుని మళ్ళీ పొద్దుటి పంపుకే వెళ్ళాం. నలభై నాలుగు కిలోమీటర్లు. మిల్లీలీటరు మళ్ళీ కారుని ఊపాడు. మూతి దాకా పోయిస్తుంటే మా ఆయన పంపు అంకెల వంక చూడలేక నేల చూపులు చూస్తున్నారు. నేను మాత్రం కళ్ళార్పకుండా చూశాను. మూడు దాటింది. నాలుగు దాటింది. నాలుగూ నాలుగు వందలు దాటితే పది రాదు, పొద్దున్నే లెక్క వేసుకుని ఉన్నాను. నాలుగూ మూడు వందల దగ్గర ఆగింది.

మిల్లీలీటరు కాగితం మీద భాగహారం చేశాడు. రెండోసారి కూడా చేశాడు. "పది, పాయింటు రెండు మూడు," అన్నాడు.

"మరి ఇందాక... తలుపు సంగతి," అన్నారు మా ఆయన.

"ఈ ఫారంలో దానికి గడి లేదు," అన్నాడతను. సంతకం పెట్టి, అట్ట చంకలో పెట్టుకున్నాడు. "సోమవారం నుంచి రండి. నేను మాత్రం బస్సులో వెళ్తాను." అని నిజంగానే బస్సులో వెళ్ళిపోయాడు.

ఇద్దరం కారెక్కాం. నాకు ఆ పంపు మధ్యలో నిలబడి గంతులు వెయ్యాలనిపించింది. మా ఆయన స్టార్ట్ చెయ్యలేదు. తాళం చేతిలో పెట్టుకుని కూర్చున్నారు.

"మన పిల్ల కూడా ఆ పాప అంతే ఉండేదా?" అన్నారు.

"దాని కంటే చిన్నది. రెండు కిలోల ఆరు వందలు."

తల ఊపారు. జేబులోంచి ఫోను తీసి అమ్మాయికి కలిపారు. మా అమ్మాయికి పుస్తకాలు కుట్టే బైండింగు షాపుంది. సొంతంగా పెట్టుకుని రెండేళ్ళయింది. కారు వచ్చినప్పటి నుంచీ వారానికి నాలుగు రోజులు దానికి అన్నం క్యారియరు ఇచ్చి వచ్చేది ఈయనే. గుమ్మం ముందు ఇంజిను నడుస్తుండగా హారను కొడతారు, అది వచ్చి తీసుకుంటుంది, ఈయన వెళ్ళిపోతారు. లోపల యంత్రాలెక్కడున్నాయో, అది ఏ బల్ల దగ్గర కూర్చుంటుందో ఈయన చూడలేదు.

"ఏంటి నాన్నా ఈ వేళప్పుడు?" అంటోంది అది. స్పీకరు లేకపోయినా నాకు వినిపిస్తోంది.

"ఏం లేదమ్మా. నువ్వు పుట్టినప్పుడు రెండు కిలోల ఆరు వందలున్నావట."

"నాన్నా, ఒంట్లో బాగానే ఉందా? అమ్మేది?"

"అమ్మ పక్కనే ఉంది. బండికి పది వచ్చింది." ఫోను ఇంకో చెవికి మార్చుకున్నారు. "షాపుకి వస్తున్నానమ్మా. గుమ్మం దగ్గరికి కాదు. లోపలికి వస్తాను. కాసేపు కూర్చుంటాను. నీకు పనుంటే నువ్వు చేసుకో."

అటు వైపు యంత్రం చప్పుడు ఆగింది. తరవాత, "కుర్చీ మీద కాగితాలున్నాయి, తీసేస్తాను," అంది అది.

వెనక మూడు బళ్ళు చేరి హారన్లు కొడుతున్నాయి. పోలీసు కారని కూడా చూడడం లేదు. మా ఆయన ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఉన్నారు, తాళం ఇంకా తిప్పలేదు. నేను కళ్ళు తుడుచుకుని, తల బయటికి పెట్టి, కాస్త ఆగమని వాళ్ళకి చెప్పాను.